తల కింద చెయ్యి

మొన్న మంగళవారం సాయంత్రం నాలుగూ పది నిమిషాలకు మా గేటు ముందు ఒక చిన్నపిల్ల చెప్పు పడింది. బడి నుంచి పాపను ఇంటికి తీసుకెళ్తున్న స్కూటరు మీద నుంచి జారింది. కాఫీ పెట్టుకోవడానికి లేవబోతూ అప్పుడే గోడ గడియారం వైపు చూశాను కాబట్టి సమయం గుర్తుంది. నేను గేటు దాకా వెళ్లి పిలిచేలోపే స్కూటరు మలుపు తిరిగిపోయింది. చెప్పు తీసి, దుమ్ము దులిపి, గేటు స్తంభం మీద పెట్టాను. వెనక్కి వస్తే కనబడుతుందని.

నా చిన్నప్పుడు, ఈస్టరుకు ముందు నెలన్నర రోజులు, ఇలా దారిలో దొరికిన వస్తువుకు మా తిరువూరులో ఒక చోటు ఉండేది. పోగొట్టుకున్నవాళ్లు వెతుక్కుంటూ వస్తారేమో అని ఆదివారం దాకా గోడ మీద ఉంచేవాళ్లం. ఎవరూ రాకపోతే చర్చికి తీసుకెళ్లి, తలుపు వెనకున్న తాటాకు బుట్టలో వేసేవాళ్లం. ఆ బుట్ట మా పెద్దమ్మది. మా అమ్మకు సొంత అక్క. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక గదిలో ఉండి బియ్యం మిల్లుకు గోనెసంచులు కుట్టేది.

మాది క్యాథలిక్ కుటుంబం. ఈస్టరుకు ముందు ఉపవాసాల తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు పెద్దమ్మ ఆ బుట్టను తలుపు వెనక పెట్టేది. గుడ్ ఫ్రైడే లోపల అందులో పడిన వాటితోనే పటం తయారు కావాలి. పటం అంటే అద్దం బిగించిన బొమ్మ కాదు. మామిడికాయల పెట్టెల చెక్కలు వరసగా కొట్టి మనిషి ఎత్తు బల్ల చేసి, దానిమీద గోనెపట్టా బిగించి, ఆ గోనె మీద దొరికిన ముక్కలన్నీ అతికించి చేసేది. ఏటా అదే బొమ్మ. సిలువ మీద నుంచి దించిన కొడుకును ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మరియమాత.

చిరిగిన గొడుగు గుడ్డ ఆమె ముసుగు. పగిలిన పింగాణీ ప్లేట్లు, కప్పుల ముక్కలు కొడుకు ఒళ్లు. కొబ్బరి చిప్ప పెంకులు తల్లి చేతులు. పొలం పని చేసే చేతులు తెల్లగా ఎట్లా ఉంటాయని పెద్దమ్మ అనేది. విరిగిన గాజులు, చొక్కా గుండీలు, సోడా మూతలు, ఎద్దుల కాళ్లకు కొట్టి అరిగి ఊడిపోయిన నాడాలు, సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం, వాడేసిన బస్సు టికెట్లు, అన్నింటికీ బొమ్మలో ఒక పని దొరికేది. జిగురు చింతగింజలది. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడకబెట్టేది. ఆ జిగురు ఉడుకుతున్నప్పుడు వీధంతా ఒక రకం వాసన వచ్చేది.

ఆమెకు కొన్ని నియమాలు ఉండేవి. కొన్న వస్తువు ఒక్కటి కూడా బొమ్మలోకి రాకూడదు. ఎవరో వాడి పారేసిందో, పోగొట్టుకున్నదో అయి ఉండాలి. బుట్టలో వేసింది మళ్లీ అడగకూడదు. ఒకసారి మా పక్కింటి మామ్మ తన ముక్కుపొడుం డబ్బీ పోయిందనుకుని ఇంట్లో మిగిలిన మూతను బుట్టలో వేసింది. మర్నాడు డబ్బీ బియ్యం కుండలో దొరికింది. మామ్మ పరుగున వచ్చింది.

"ఆ మూత ఇటివ్వవే, పొడుమంతా గాలికి పోతోంది."

"వేసేశాక మళ్లీ అడక్కూడదు మామ్మా."

"దేవుడికి ముక్కుపొడుం డబ్బీ మూత ఎందుకే?"

"దేవుడిక్కాదు, వాళ్లమ్మకి."

ఆ ఏడు ఆ మూతే మరియమ్మ గుండె అయింది. గుడ్ ఫ్రైడే ఊరేగింపులో మామ్మ ఆ గుండె వైపే చూస్తూ నడిచిందని, ప్రార్థన కన్నా పొడుం మీదే ధ్యాస ఎక్కువుందని మావాళ్లు చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు.

ఊరేగింపు చర్చి దగ్గర మొదలై సమాధుల దొడ్డికి చేరేది. అక్కడ పటాన్ని తూర్పు గోడకు ఆనించి వదిలేసి వచ్చేవాళ్లం. ఇంటికి తెచ్చుకోవడం, దాచుకోవడం లేదు. ఎండకు గోనె బిగిసేది, చీమలు జిగురు తినేవి, మొదటి వానకు ముక్కలు ఒక్కొక్కటే ఊడి కింద పడేవి. మళ్లీ ఏడు మళ్లీ బుట్ట.

ఇప్పుడు చెప్పవలసింది నాకు తొమ్మిదో ఏడు నడుస్తున్నప్పటి సంగతి.

ఆ ఏడు క్రిస్మస్ అయ్యాక, చలి ఇంకా తగ్గకముందే, మా తమ్ముడికి జ్వరం వచ్చింది. వాడికి మూడేళ్లు. ఊళ్లో మందులకు తగ్గలేదు. అమ్మా నాన్నా వాణ్ణి బస్సులో బెజవాడ తీసుకెళ్లారు. నన్ను పెద్దమ్మ దగ్గర ఉంచారు. సాయంత్రం అయ్యేసరికి పెద్దమ్మ, నేను బస్టాండుకు వెళ్లి బెజవాడ నుంచి వచ్చే బస్సుల దగ్గర నిలబడేవాళ్లం. రెండో రోజు సాయంత్రం వాళ్లు దిగారు.

ముందు నాన్న దిగాడు, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో. వెనక అమ్మ. తమ్ముణ్ణి రెండు చేతుల్లో అడ్డంగా ఎత్తుకుని ఉంది. వాడి ముఖం మీద కొంగు కప్పి ఉంది. ఎడమ చెయ్యి వాడి తల కింద ఉంది. ఆమె మెట్టు దిగడానికి వీలుగా కండక్టరు బిడ్డను అందుకోబోయాడు. అమ్మ వద్దని తలూపింది.

"జాగ్రత్తమ్మా, మెల్లగా దిగు. బాబు మంచి నిద్రలో ఉన్నాడు," అన్నాడాయన.

వాడి కాళ్లు కొంగు కింద నుంచి బయటికి కనబడుతున్నాయి. ఒక కాలికే చెప్పుంది. నీలం రంగు రబ్బరు చెప్పు, మడమ దగ్గర పట్టీ ఉన్నది, క్రిస్మస్‌కు కొన్నది. నేను గట్టిగా, "అమ్మా, తమ్ముడి చెప్పు పడిపోయింది," అన్నాను. అమ్మ నా వైపు తిరగలేదు. పెద్దమ్మ మాత్రం అమ్మ ఎడమ చేతి వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా మణికట్టు పట్టుకుంది. నలుగురం మా వీధి వైపు నడిచాం. మలుపు తిరిగాక నాన్న రోడ్డు మీదే కూలబడ్డాడు. అప్పుడు నాకు తెలిసింది.

వాడు మధ్యాహ్నమే పోయాడు. శవాన్ని బస్సు ఎక్కనివ్వరు. కారు మాట్లాడుకునే స్థితి మాకు లేదు. అందుకని వాడు నిద్రపోతున్నట్టే పట్టుకుని బెజవాడలో బస్సెక్కారు.

నాన్న మామిడికాయల పెట్టెలు కొట్టే షెడ్డులో పనిచేసేవాడు. సీజనులో విస్సన్నపేట తోటలకు పెట్టెలు అక్కడి నుంచే వెళ్లేవి. ఆ పూట ఆయన షెడ్డుకు వెళ్లి, అదే చెక్కతో ఒక పెట్టె కొట్టుకొచ్చాడు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

అమ్మ ఏడవలేదు. పెట్టె ఇంట్లోంచి కదిలినప్పుడు ఏడవలేదు, మట్టి వేసేటప్పుడు ఏడవలేదు. ఆడవాళ్లకు భయం పట్టుకుంది. ఏడవని తల్లికి మతి చెదిరిపోతుందని వాళ్ల నమ్మకం. చుట్టూ కూర్చుని వాడి ముద్దుమాటలు ఒక్కొక్కటే గుర్తుచేసి రాగం తీసి ఏడ్చారు. పక్కింటి మామ్మ రెండు భుజాలూ పట్టుకుని ఊపింది. మా నాన్న వైపు బంధువు ఒకావిడ చెంప మీద కొట్టింది. ద్వేషంతో కాదు, మంచికనే కొట్టింది. అమ్మ ఆమె వైపు చూసి, పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది.

ఆ తర్వాత రోజులు గడిచాయి. అమ్మ నీళ్లు తెచ్చేది, పొయ్యి వెలిగించేది, అన్నం వండేది. మాట్లాడేది కాదు. పనులన్నీ కుడి చేత్తోనే చేసేది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి పొట్టకు ఆనించుకుని ఉండేది. నిద్రలో కూడా అంతే. చేతికేమైందని నాన్న అడిగితే బిందె తీసుకుని నీళ్లకు వెళ్లేది. జడ వెయ్యడానికి రెండు చేతులు కావాలి. అందుకని ఆ రోజుల్లో నేను జడ లేకుండా, జుట్టు వెనక్కి ముడేసుకుని బడికి వెళ్లేదాన్ని. పెద్దమ్మ వేస్తానంటే ఒప్పుకునేదాన్ని కాదు. ఎందుకు ఒప్పుకోలేదో అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. పెద్దమ్మ చేత జడ వేయించుకుంటే ఇక అమ్మ వెయ్యదని ఒప్పుకున్నట్టు అవుతుందని ఇప్పుడనిపిస్తుంది.

పెద్దవాళ్లు గుమ్మం బయట గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. రెడ్డిగూడెంలో అమ్మ తమ్ముడు, మా మావయ్య ఉన్నాడు. ఈస్టరు దాకా చూసి అమ్మను అక్కడికి పంపించాలని, చోటు మారితే మనిషి మారుతుందని, పిల్ల ఇక్కడే పెద్దమ్మ దగ్గర ఉంటుందని అనుకున్నారు. నేను అన్నం తింటూ అదంతా విన్నాను. తమ్ముణ్ణి బెజవాడ తీసుకెళ్లేటప్పుడు కూడా నన్ను పెద్దమ్మ దగ్గరే ఉంచారు. వెళ్లినవాళ్లు ఎట్లా తిరిగి వస్తారో నాకు తెలుసు.

విభూది బుధవారం వచ్చింది. పెద్దమ్మ ఎప్పటిలాగే బుట్ట పెట్టింది. నాన్న ఎప్పటిలాగే చెక్కలు తెచ్చి బల్ల కొట్టిచ్చాడు. గుడ్ ఫ్రైడేకు ముందొచ్చే మట్టల ఆదివారం దగ్గర పడుతుండగా పెద్దమ్మ చర్చి వెనక కొట్టంలో చేయాల్సిన పనిని మా ఇంటి వసారాలోకి తెచ్చి పెట్టింది. కొట్టంలో ఎలుకలు గోనె కొరుకుతున్నాయని చెప్పింది. కొట్టంలో ఎలుకలు ఎప్పుడూ ఉండేవి.

మధ్యాహ్నం మిల్లు నుంచి వచ్చి, బల్లను వసారాలో నేల మీద పరిచి కూర్చునేది. అమ్మతో ఏమీ మాట్లాడేది కాదు. ఎట్లా ఉన్నావని కూడా అడిగేది కాదు. అమ్మ గుమ్మం లోపల తన పని తాను చేసుకుంటూ ఉండేది. బడి నుంచి వచ్చాక నేను ముక్కలు రంగుల వారీగా ఏరిపెట్టేదాన్ని. పటం చేసే పద్ధతిలో ముందు జిగురు ఉండదు. ముక్కలన్నీ ఊరికే పేర్చాలి. చూడాలి, జరపాలి, మళ్లీ చూడాలి. ఇక జరపనక్కర్లేదు అనిపించాక జిగురు.

ముసుగు కుదిరింది. ఒడి కుదిరింది. ఒడిలో కొడుకు తెల్లగా, పొడుగ్గా కుదిరాడు. తల్లి ఎడమ చెయ్యి దగ్గర పెద్దమ్మ తప్పు చేసింది. కొబ్బరి పెంకులను కొడుకు ఛాతీ మీద పేర్చింది. కొడుకు తల ఏ ఆధారమూ లేకుండా ఒడి అంచు నుంచి వెనక్కి వేలాడుతోంది.

కిందటేడు బొమ్మ నాకు గుర్తుంది. అంతకు ముందటేడుదీ గుర్తుంది. చెయ్యి తల కిందే ఉండేది. "పెద్దమ్మా, కిందటేడు చెయ్యి..." అన్నాను.

"దాహమేస్తోంది, కాసిని నీళ్లు పట్రా," అంది.

తెచ్చాను. తాగలేదు. మర్నాడు చెయ్యిని కొడుకు మోకాలి మీదికి జరిపింది. "పెద్దమ్మా, అది..." అన్నాను. మళ్లీ నీళ్లు పట్రమ్మంది. ఆ మర్నాడు చెయ్యి పాదాల దగ్గరికి పోయింది. నేను నోరు తెరిచేసరికి ఆమె చెంబు వైపు చూసింది. ఇక నేను మాట్లాడటం మానేశాను.

అదే రోజు ఉపదేశిగారు వచ్చారు. ఫాదర్ గారు లేని రోజుల్లో మాకు ప్రార్థనలు చెప్పించే పెద్దాయన. సైకిలు దిగకుండానే, ఒక కాలు నేల మీద ఆన్చి వసారాలోకి చూశారు.

"ఏంటమ్మా ఇది? ప్రభువు తల అట్లా వేలాడుతోంది, కోసిన కోడి మెడలాగా?"

"కుదరట్లేదండి."

"ఇన్నేళ్ల నుంచి చేస్తున్నావు, ఇప్పుడు కుదరకపోవడమేంటి?"

"ముసల్దాన్నైపోయాను కదండీ."

"గుడ్ ఫ్రైడేకి దీన్ని ఊళ్లోంచి మొయ్యాలి. జనం నవ్వుతారు. నే చెప్తే వినవు. బెజవాడలో ఇంత బంగారు కాయితం కొని అంటించుకుంటే పనైపోయేది."

"కొన్నది పెట్టకూడదండి."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయారు. పెద్దమ్మ పాదాల దగ్గరున్న పెంకులు తీసి మళ్లీ ఛాతీ మీద పెట్టింది. లోపల అమ్మ చేట చప్పుడు ఆగడం నాకు వినబడింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

మర్నాడు అమ్మ చేటతో గుమ్మంలో కూర్చుంది. బియ్యంలో రాళ్లు కుడి చేత్తో ఏరుతోంది. పెద్దమ్మ ఆమె వైపు వీపు పెట్టి కూర్చుని, ఒక పెంకును అటూ ఇటూ జరుపుతోంది. అమ్మ చేటలోంచి తల ఎత్తకుండానే మాట్లాడింది.

"అక్కా, తల పడిపోద్ది."

పెద్దమ్మ వెనక్కి తిరగలేదు. "ఏంటే?" అంది.

"చెయ్యి అక్కడ కాదు. తల కింద పెట్టు. లేకపోతే మెడ వెనక్కి పడిపోద్ది."

"నాకు కుదరట్లేదే. నువ్వు పెట్టు."

అమ్మ చేట పక్కన పెట్టి లేచింది. వచ్చి బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. కుడి చేత్తో పెంకులు తీసుకుంది. వాటిని తల కిందికి చేర్చాలంటే ముందు తలను పైకెత్తి పట్టుకోవాలి. తల ఒక పెద్ద పింగాణీ ముక్క, సాసరు సగం. అమ్మ ఎడమ చెయ్యి పొట్ట మీద నుంచి లేచి దాని కిందికి వెళ్లింది. వెళ్లి అక్కడే ఉండిపోయింది.

"బస్సులో ఇట్టాగే పట్టుకున్నానక్కా," అంది.

పెద్దమ్మ ఊఁ కొట్టింది.

"మైలవరంలో పక్క సీట్లో ఆవిడ, బాబు నిద్రపోయాడా అనడిగింది. ఆఁ అన్నాను. నవ్వింది. నేనూ నవ్వాను. గతుకులొచ్చినప్పుడల్లా తల కదిలిద్దని చెయ్యి తియ్యలేదు. తిమ్మిరెక్కింది, అయినా తియ్యలేదు. కొండూరు దగ్గర చెప్పు జారిపోయింది. జారడం చూశాను. వంగితే తల ఆగదు. వంగలేదు. ఏడిస్తే దింపేస్తారని ఆయన అన్నారు. ఏడవలేదు."

పెద్దమ్మ అప్పుడు ఆమె వైపు తిరిగింది. "బస్సు దిగావుగా. ఇంటికొచ్చేశావే. ఇప్పుడెవరూ దింపరు," అంది.

అమ్మ ఏడ్చింది. ఆ ఏడుపును వర్ణించడం నాకు ఇష్టం లేదు. ముక్కలన్నీ చెదిరిపోయాయి. మామ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పరుగున వచ్చారు. పెద్దమ్మ వాళ్లను గుమ్మం దగ్గరే చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. దగ్గరికి వెళ్లొద్దంది. తను కూడా అమ్మను పట్టుకోలేదు. పక్కన కూర్చుని, చెదిరిన గుండీలు ఒక్కొక్కటే ఏరి కొబ్బరి చిప్పలో వేసింది. నాకు కూడా ఏరమని సైగ చేసింది. నేను ఏరాను.

మర్నాడు అమ్మ మంచం కింద నుంచి ఆ నీలం చెప్పు తెచ్చింది. చావింటికి వచ్చినవాళ్లలో చాలామంది దాన్ని పారెయ్యమన్నారు. కళ్లెదురుగా ఉంటే మర్చిపోలేవని చెప్పారు. ఆమె వినలేదు. ఇప్పుడు తనంతట తానే తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టి, పటంలో ఎక్కడైనా అతికించమంది. దానికి రెండోది లేదు, ఎవరికీ పనికిరాదు. బుట్టలో పడేవన్నీ అలాంటివే. పెద్దమ్మ సంతోషంగా తీసుకుంటుందనుకున్నాను. ఆమె చెప్పును చేత్తో ముట్టుకోలేదు.

"ఇందులో పారేసినవే పెడతాం. ఇది నువ్వు పారెయ్యలేదు. లోపల పెట్టుకో," అంది.

అమ్మ దాన్ని తీసుకెళ్లి మళ్లీ మంచం కింద పెట్టింది. అది ఆమె బతికినంతకాలం ఆమె దగ్గరే ఉంది. రెండోది కొండూరు దగ్గర రోడ్డు మీద ఎవరికి దొరికిందో, ఏ గోడ మీద ఎన్నాళ్లుందో తెలియదు.

గుడ్ ఫ్రైడే నాటి ఉదయం అమ్మ నన్ను పిలిచి తన ముందు కూర్చోబెట్టుకుంది. జుట్టుకు కొబ్బరినూనె రాసి, రెండు చేతులతో జడ వేసింది. చాలా గట్టిగా వేసింది, కణతలు లాగాయి. నేను కదలకుండా కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం ఆమె ఊరేగింపులో పటం వెనకే నడిచింది. తల కింద చెయ్యి ఉంది. ఉపదేశిగారు దాన్ని చూసి, తను చెప్పబట్టే కుదిరిందని నలుగురితోనూ అన్నారు. పెద్దమ్మ అవునండి అంది. రెడ్డిగూడెం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

దానితో అమ్మ దుఃఖం తీరిందని నేను రాయలేను. తీరలేదు. తర్వాత మా అమ్మ చాలా ఏళ్లు బతికింది, నవ్వింది, మా పిల్లల్ని ఎత్తుకుంది. చివరి రోజుల్లో మంచాన పడ్డాక నిద్రలో ఆమె ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడుచుకుని ఉండటం చూశాను. దాన్ని చాచి పక్కన పెట్టేదాన్ని. కాసేపటికి మళ్లీ అలాగే అయ్యేది.

ఆ ఏడు మొదటి వాన పడ్డ మర్నాడు మేము ముగ్గురం సమాధుల దొడ్డికి వెళ్లాం. గోడకు ఆనించిన పటం మీద గోనె నానిపోయి ఉంది. గొడుగు గుడ్డ ఒక పక్కకు వేలాడుతోంది. పింగాణీ ముక్కలు చాలావరకు మట్టిలో పడి ఉన్నాయి. అవి పడి ఉన్నచోటికి మా తమ్ముణ్ణి పూడ్చిన చోటు దగ్గరే. కొబ్బరి పెంకులు ఇంకా పైనే అంటుకుని ఉన్నాయి. అవి పట్టుకోవాల్సిన తల మాత్రం కింద పడిపోయింది. నేను వంగి ఆ సాసరు ముక్క తియ్యబోయాను. పెద్దమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. నేను ఆ ముక్క తియ్యలేదు. అమ్మ కాసేపు చూసి, "పోదాం," అంది.

నేను పెద్దదాన్నయ్యాక, టీచరు ఉద్యోగం వచ్చాక, పెద్దమ్మను సూటిగా అడిగాను, ఆ ఏడు చెయ్యి కావాలనే తప్పుగా పెట్టావు కదా అని. లేదంది. మర్చిపోయానంది. అన్నేళ్లు చేసిన పని ఎట్లా మర్చిపోతావంటే, మనిషన్నాక మర్చిపోదా అంది. మళ్లీ అడిగితే నీళ్లు పట్రమ్మంది. పోయేదాకా ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే అమ్మ చేసిన పని అమ్మది కాకుండా పోతుందని ఆమె అనుకుని ఉండాలి.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, తర్వాతా, చావు జరిగిన ఇళ్లకు చాలాసార్లు వెళ్లాను. ఓదార్పు మాటలు నాకు రావు. చదివిన పుస్తకాలు ఆ సమయంలో అక్కరకు రావు. ఏదో ఒక చేతి పని పట్టుకెళ్లి వాళ్లకు కాస్త ఎడంగా కూర్చుంటాను. చిక్కుడుకాయలు ఒలుస్తాను, పూలు కడతాను. ఎక్కడో ఒకచోట తప్పు చేస్తాను. చాలాసార్లు ఏమీ జరగదు, లేచి వచ్చేస్తాను. ఎప్పుడో ఒకసారి ఆ ఇంటావిడ, "అట్లా కాదు టీచరుగారూ, ఇటివ్వండి," అంటుంది. ఇచ్చేస్తాను.

కిందటేడు మా ఆయన పోయారు. ఎంతోమంది వచ్చారు. బైబిలు వాక్యం చదివారు, మంచి మాటలు చెప్పారు, క్యారియర్లలో అన్నం తెచ్చారు, ఆయన బట్టలు ఎవరికి ఇవ్వాలో కూడా ఆలోచించి పెట్టారు. అందరూ అన్నీ సరిగ్గానే చేశారు. వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మధ్యాహ్నాలు వరండాలో కూర్చున్నప్పుడు మాత్రం, ఎవరో ఒకరు వచ్చి నాకు వీపు పెట్టి కూర్చుని ఏదో ఒకటి తప్పుగా చేస్తారేమో అని ఎదురు చూశానని ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు లేరు. ఆయన చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. నేను పారెయ్యలేదు.

పెద్దమ్మ తర్వాత కొన్నేళ్లు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు పటం చేశారు. తర్వాత మామిడికాయలు ప్లాస్టిక్ ట్రేలలో వెళ్లడం మొదలై చెక్క పెట్టెలు కొట్టే షెడ్డు మూతపడింది. కొత్త చర్చి కట్టినప్పుడు చందాలు వేసి ఫైబరు విగ్రహం తెప్పించారు. అదే బొమ్మ, తల్లి ఒడిలో కొడుకు. చుట్టూ లైట్లున్నాయి. బాగుంది. అందులో చెయ్యి తల కింద ఉండాల్సిన చోటే ఉంది. ఎవరూ సరిచెయ్యాల్సిన అవసరం లేదు. గుడ్ ఫ్రైడే నాడు దాన్ని ట్రాక్టరు మీద ఊరేగించి, మళ్లీ చర్చిలోకి తెచ్చి తాళం వేస్తారు.

మంగళవారం పడిన చెప్పు కోసం ఎవరూ రాలేదు. ఆదివారం కూడా దాటింది. అది ఇంకా గేటు స్తంభం మీదే ఉంది. చర్చి తలుపు వెనక బుట్ట లేదు. మా ఊళ్లో ఇప్పుడు పటం చెయ్యడం లేదు.